అమ్మకు కాదు, అమ్మ పనికి వంతులు వేసుకుందాం

మా అత్త మంచాన పడి ఈ నెలతో 14 నెలలు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పోయింది. మాట పోయిందంటే తెలివి పోయిందని కాదు, ఎవరు వచ్చారో తెలుసు, మనం ఏం మాట్లాడుకుంటున్నామో అన్నీ తెలుసు, చెప్పడానికి నోరు రాదు, అంతే. చూడటానికి వచ్చినవాళ్లు ఆమె ముందే నిలబడి "పాపం, ఇంకెన్నాళ్లో ఇట్లా" అంటారు, అప్పుడు ఆమె ఎడమ చేత్తో కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటుంది. దండం పెడతా, మంచం దగ్గర నిలబడి అట్లాంటి మాటలు అనకండి.

ఇంతవరకు అందరూ అత్త ఎట్లా ఉందనే అడిగారు, అడగాలి కూడా. ఈరోజు నేను చూసుకునేవాళ్ల గురించి రాస్తున్నా. చాలా రోజులుగా లోపల పెట్టుకున్నది, పొడుగవుతుంది, ఓపిక ఉంటే చదవండి.

చూసుకోవడం అంటే ఏందో చెయ్యనివాళ్లకు తెలియదు. రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, లేకుంటే నడుము కింద చర్మం ఎర్రబడి పుండు పడుతుంది. పగలు రెండు గంటలు, రాత్రి కూడా రెండు గంటలే. ఎయిర్ బెడ్ వేశాం, దాని పంపు రాత్రంతా గుయ్‌మని మోగుతూనే ఉంటుంది, కరెంటు పోతే బెడ్ మెల్లగా దిగిపోతుంది. మే నెలలో కర్నూలు ఎండ మీకు తెలుసు కదా, ఆ ఎండలో కరెంటు పోతే ఇంట్లో అందరికీ ఫ్యాను ఆగిందని బాధ, నాకు పంపు ఆగిందని టెన్షన్. తినిపించడం ఇంకో పెద్ద పని. పలచని నీళ్లు తాగిస్తే పొలమారతాయి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. అందుకని రాగి జావ చిక్కగా కాచి, ఆమెను నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం కిందికి వంచి, చిన్న చెంచాతో ఎడమ బుగ్గ వైపు పెట్టాలి. గొంతు వైపే చూస్తుండాలి, గొంతు కదిలాకే రెండో చెంచా. ఒక గిన్నె జావకు ముప్పావు గంట. అయ్యాక కుడి బుగ్గలో మిగిలిపోయింది వేలికి తడిగుడ్డ చుట్టి తీయాలి, ఎందుకంటే అక్కడ ఉందని ఆమెకు తెలియదు. ఆ తర్వాత అరగంట దాకా పడుకోబెట్టకూడదు. ఇది ఒక్క పూట తిండి.

మా ఆయన చెయ్యడని కాదు. పొద్దున దుకాణానికి పోయే ముందు ఆమెను ఎత్తి కుర్చీలో కూర్చోబెట్టేది, స్నానానికి పట్టుకునేది ఆయనే. ఎనిమిదిన్నరకు పోతాడు, రాత్రి తొమ్మిదికి వస్తాడు, ఎరువుల దుకాణంలో సీజన్ అంటే ఆదివారం కూడా ఉండదు. నేను ప్రైవేటు స్కూల్లో ఏడేళ్లు చెప్పాను, మానేశాను.

పోయిన జూన్‌లో ఒక రాత్రి జరిగింది రాస్తాను, ఇది మా ఇంట్లోవాళ్లకు కూడా పూర్తిగా తెలియదు. మూడు గంటలకు అలారం మోగితే లేచాను. డైపర్ పక్కనుంచి కారి దుప్పటంతా తడిసిపోయింది, గంట ముందే మార్చాను దాన్ని. ఆ వారంలో నేను వరుసగా మూడు గంటలు నిద్రపోయిన రాత్రి ఒక్కటీ లేదు. ఆమెను తిప్పేటప్పుడు భుజం వెనక చెయ్యి వేసి తిప్పాలి, పడిపోయిన చెయ్యి పట్టి లాగితే భుజం కీలు దెబ్బతింటుందని ఫిజియోథెరపీ అతను మొదటి రోజే చెప్పాడు. నేను ఆ చెయ్యే పట్టి లాగాను. మర్చిపోయి కాదు, కోపంతో లాగాను. "సచ్చిపోతున్నా నేను" అని అరిచాను. ఆమె నోట్లోంచి ఒక శబ్దం వచ్చింది, అది ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. దుప్పటి మార్చి, బాత్‌రూమ్‌లోకి పోయి, చప్పుడు బయటికి రాకుండా బకెట్ కింద కొళాయి తిప్పి ఏడ్చాను. బకెట్ నిండి పొర్లినా కట్టలేదు. పొద్దున జావ పెడుతుంటే ఎడమ చేత్తో నా తల నిమిరింది. నోరు ఉన్నరోజుల్లో కూరలో ఉప్పు తగ్గితే ఊరుకునే మనిషి కాదు మా అత్త. ఆరోజు తిట్టగలిగి తిట్టి ఉంటే నాకు కొంచెం తేలికయ్యేది.

మరుసటి వారం చుట్టాలు వచ్చారు. రెండు కిలోల ఆపిల్ పండ్లు, బ్రెడ్డు, హార్లిక్స్. ఆపిల్ ఆమె నమలలేదు, ఆ సంగతి అడిగితే చెప్పేదాన్ని. టీ తాగారు, పావురం రక్తం పూస్తే చెయ్యి లేస్తుందని ఒకరు, ఫలానా ఊళ్లో ఆకుపసరు పోస్తారని ఇంకొకరు చెప్పారు. పోయేటప్పుడు గడప దగ్గర నా చెయ్యి పట్టుకుని "నీలాంటి కోడలు దొరకడం ఆమె అదృష్టం తల్లీ, ఈ పుణ్యం ఊరికే పోదు" అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ ఆ పుణ్యం అనే మాట వినగానే నా నోరు మూతపడిపోతుంది. పుణ్యం చేస్తున్న మనిషి "నాకు చేతకావడం లేదు, ఒక పూట మీరు ఉంటారా" అని ఎట్లా అడుగుతుంది? నేను మంచిదాన్నని పది మంది అనేకొద్దీ, ఆ జూన్ రాత్రి సంగతి ఎవరికీ చెప్పుకోలేని సంగతి అయిపోయింది.

అత్తకు పక్షవాతం వచ్చిన రోజు కూడా చెప్పాలి, ఎవరికైనా పనికొస్తుంది. పొద్దున ఆరుకే నోరు వంకరపోవడం చూశాం. గాలి సోకిందేమో అని కొబ్బరినూనె రాసి పదకొండు దాకా ఇంట్లోనే పెట్టుకున్నాం. నెత్తురు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఉంది, అది జబ్బు మొదలైన నాలుగున్నర గంటల లోపు ఇవ్వాలి. మాకు ఆ సంగతి తెలిసేసరికి టైం దాటిపోయింది. మీ ఇంట్లో ఎవరికైనా నోరు వంకరపోయినా, చెయ్యి పట్టు జారినా, మాట ముద్దగా వచ్చినా ఇంకేం చూడొద్దు, 108కి ఫోన్ చెయ్యండి.

తర్వాత పెద్దాసుపత్రిలో 11 రోజులు ఉన్నాం. కర్నూలు పెద్దాసుపత్రికి ఆదోని, ఆలూరు నుంచే కాదు, అనంతపురం నుంచి, ఆ పక్క గద్వాల, రాయచూరు నుంచి కూడా వస్తారు, వెంట వచ్చినవాళ్లు చెట్ల కింద, వరండాల్లో చాపలు పరుచుకుని పడుకుంటారు. మా పక్క బెడ్ దగ్గర ఒకామె, ఆలూరు వైపు పల్లె, వాళ్లమ్మకూ ఇదే జబ్బు. మొదటి రాత్రే ఆమె నా దగ్గరికి వచ్చి "అక్కా, నువ్వు పండుకో, ఒంటిగంట దాకా ఇద్దర్నీ నేను చూస్తా, ఆపైన నిన్ను లేపుతా" అంది. నేను పడుకున్నాను. ఒంటిగంటకు లేపింది, ఆమె పడుకుంది, వాళ్లమ్మను నేను తిప్పాను. పదకొండు రాత్రులు అట్లాగే గడిచాయి. నేను బువ్వ తెచ్చుకోను పోతే మా అత్త సెలైన్ బాటిల్ ఆమె చూసేది. ఇద్దరిలో ఎవరమూ థాంక్స్ చెప్పుకోలేదు, పుణ్యం అనుకోలేదు. ఈ 14 నెలల్లో నేను సరిగ్గా నిద్రపోయింది ఆ ఆసుపత్రి నేల మీదే, ఆ 11 రాత్రులే. ఆమె ఇంటిపేరు కూడా నాకు తెలియదు.

ముక్కూ మొహం తెలియని ఇద్దరు ఆడవాళ్లకు ఒక్క మాటలో కుదిరిన వంతు, సొంత ఇంట్లో ఎందుకు కుదరదు? ఇదే నన్ను తినేస్తున్న ప్రశ్న.

మాది కేసీ కాలువ కింద ఊరు. మా మామ పోయాక అన్నదమ్ములు భాగాలు పంచుకున్నప్పుడు బావి మోటారుకు కూడా కాగితం రాసుకున్నారు, ఎవరి వంతు ఏ రోజో. అర్ధరాత్రి వంతు వస్తే బ్యాటరీ లైటు పట్టుకుని పోయి నీళ్లు కట్టుకున్న ఇల్లు ఇది. అత్త కూడా పోయేది, కాళ్లకు బురదతో తెల్లారి వచ్చి పొయ్యి వెలిగించేది. వంతు అంటే ఏందో, ఒకరి వంతు ఇంకొకరు ఎగ్గొడితే పైరు ఏమవుతుందో ఈ ఇంట్లో అందరికీ తెలుసు. అమ్మ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ మాట నోటెంట రాకూడదు.

ఎందుకో కూడా నాకు తెలుసు. మన ఊళ్లలో ముసలివాళ్లను నెలకో కొడుకు ఇంటికి తిప్పడం చూస్తూ పెరిగాం. చేతిలో ఒక గుడ్డ సంచి, ఒకటో తేదీ రాగానే ఇంకో గడప. మా ఆయన వాళ్ల నాయనమ్మను అట్లాగే తిప్పారు. నెల 31 రోజులు వస్తే ఆ ఒక్క రోజు ఎవరిదని మాటామాటా అనుకోవడం మా బావ పదేళ్ల వయసులో తన చెవులతో విన్నాడంట, మా అమ్మకు ఆ గతి రానివ్వను అని అప్పుడే అనుకున్నాడంట. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది. అట్లా తిప్పడం పాపమే. కానీ చివరికి ఏమైంది? అమ్మను తిప్పకూడదు కాబట్టి అమ్మ ఒక్క చోటే ఉండాలి, ఒక్క చోటే ఉంది కాబట్టి ఆ ఒక్క ఇంట్లోవాళ్లే చెయ్యాలి. వంతులేసుకోకూడనిది మనిషిని. పనిని వంతులేసుకుంటే ఎవరికి అవమానం? అమ్మ కదలక్కర్లేదు, మనం కదలాలి.

డబ్బు పంపుతున్నారు, లేదనను. బావ హైదరాబాదు నుంచి నెలనెలా పంపుతాడు, మరిది బెంగళూరు నుంచి పంపుతాడు. ప్రభుత్వం పింఛను 15,000 ఒకటో తేదీ ఇంటికే తెచ్చి ఇస్తున్నారు, అది లేకుంటే డైపర్లకు, ఫిజియోకు నిజంగా కష్టమయ్యేది. నాకు కరువైంది గంటలు. చట్టం కూడా డబ్బునే చూస్తుంది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం చదివించుకున్నా, అందులో పోషణకు ఇప్పించే డబ్బు సంగతి ఉంది, రాసిచ్చిన ఆస్తి వెనక్కి తీసుకునే దారి ఉంది. పిల్లలు పుడితే ఆడవాళ్లకు 26 వారాల సెలవు అని 2017లో చట్టం మార్చారు, చాలా మంచి పని. అత్త మంచాన పడితే నెల రోజులు సెలవు ఇవ్వమని నేను అడిగినప్పుడు మా స్కూల్లో నాకు చూపించడానికి ఏ కాగితమూ లేదు, నా దగ్గరా లేదు.

ఆగస్టులో మా దగ్గరి సచివాలయం నుంచి ఏఎన్ఎం, అంటే ఇళ్లకు వచ్చే నర్సమ్మ, వచ్చి అత్తకు బీపీ చూసింది, చూస్తూ చూస్తూ నా మొహం చూసి "నీ చెయ్యి ఇయ్యి" అంది. అత్తకు 130 ఉంది, నాకు 170. తలనొప్పి నిద్ర లేకే అనుకుని రోజూ ఒక మాత్ర వేసుకుంటున్నా అప్పటిదాకా. ఆమె తిట్టి మరీ డాక్టర్ దగ్గరికి పంపింది, ఇప్పుడు మందు వాడుతున్నా. ఇంకో మాట కూడా చెప్పింది, 14416 నంబరు, టెలీ మానస్ అంటారు, మనసు బాగాలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడుకోవచ్చు, కేంద్ర ప్రభుత్వం 2022లో పెట్టింది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ ఉంటుంది. ఒక రాత్రి ఫోన్ చేశాను. తెలుగులోనే మాట్లాడారు. జూన్ రాత్రి సంగతి నేను మొదట చెప్పింది ఆ గొంతుకే, మా ఆయనకు కూడా కాదు. అటువైపు ఆమె నన్ను తప్పు పట్టలేదు, పుణ్యాత్మురాలివి అని పొగడలేదు కూడా. "మీరు నిద్రపోయే పూట మీ అత్తగారి దగ్గర ఎవరుంటారు?" అని అడిగింది. ఎవరూ ఉండరని చెప్పాను. ఆ జవాబు నా నోటితో నేనే విన్నాక, ఇక ఊరుకోకూడదనుకున్నా.

ముగ్గురికీ ఫోన్ చేశాను, పుణ్యం మాట పక్కన పెట్టి గంటలు అడిగాను. మా వదిన, అంటే మా ఆయన చెల్లెలు, నంద్యాలలో ఉంటుంది, బస్సెక్కితే రెండు గంటలు కూడా పట్టదు. ఆమె రెండు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "నువ్వు అడుగుతావనే చూస్తున్నా వదినా, నేనే వస్తానంటే నీకు చేతకాదని అన్నట్టుంటుందని భయపడినా" అంది. ఇన్ని నెలలు ఇద్దరం ఒకే భయంతో ఆగిపోయామా అని నాకు ఏడుపొచ్చింది. ఇప్పుడు ప్రతి బుధవారం వస్తోంది. మరిది నెలలో రెండు శనివారాలు రాత్రి బస్సుకు వస్తానన్నాడు, ఇప్పటికి మూడుసార్లు వచ్చాడు, మగపిల్లాడు, అమ్మకు డైపర్ మార్చడానికి మొదటిరోజు చేతులు వణికాయి, రెండోసారికి అలవాటు పడ్డాడు.

మొన్న బుధవారం మధ్యాహ్నం రెండుకు పడుకుంటే ఆరుకు మెలకువ వచ్చింది. అలారం మోగలేదు, గుండె దడదడలాడుతూ పరిగెత్తి పోయాను. వదిన వాళ్లమ్మను కూర్చోబెట్టి జావ పెడుతోంది, పెద్ద చెంచాతో. "చిన్నది తీసుకో వదినా, గొంతు కదిలాకే రెండోది" అని చెప్పి అక్కడే కింద కూర్చున్నాను. అత్త నన్ను చూసింది, కూతుర్ని చూసింది, ఎడమ చెయ్యి ఊపి, పో, పోయి పండుకో అన్నట్టు సైగ చేసింది.

బావా, ఈ పోస్టు మీరు చదువుతారని నాకు తెలుసు. "అమ్మను వంతులేసుకోమంటావా" అని ఆరోజు మీరు ఫోన్ పెట్టేశారు. మీ బాధ నాకు అర్థమైంది, అందుకే ఇంత పొడుగ్గా రాశాను. అమ్మ మంచం పక్క గోడకు క్యాలెండర్ ఉంది, బుధవారాల్లో వదిన పేరు, రెండు శనివారాల్లో తమ్ముడి పేరు రాసి ఉన్నాయి. మూడో ఆదివారం గడి ఖాళీగా ఉంచాను. అమ్మ రోజూ ఆ గోడ వైపే తిరిగి పడుకుంటోంది.