సముద్రం పక్కనే ఉందిగా!

బరంపురంలో ఉప్పునీటి అక్వేరియం పెట్టాలంటే ముందు సలహాలు భరించాలి. "గోపాల్‌పూర్ పక్కనేగా, రెండు బిందెలు ముంచుకొస్తే సరి!" అట. ఒడ్డున నీళ్లలో ఇసుక, మురుగు, పడవల డీజిలు కలుస్తాయని ఎవరికి చెప్పను? ఆర్వో నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల సముద్రపు ఉప్పు మిశ్రమం కలపాలి. వంటింటి ఉప్పు కాదు మహాప్రభో!

దుకాణదారు మరీ ఘనుడు. తొట్టి అమ్మిన రోజే నారింజ రంగు క్లౌన్ చేపనూ అంటగడతాడు. చేపల వ్యర్థాల నుంచి పుట్టే విషపు అమ్మోనియాను నైట్రేటుగా మార్చే బాక్టీరియా పెరగడానికి వారాలు పట్టదూ? చేప చస్తే మాత్రం "మీ జాతకం సార్" అంటాడు. పైగా తొట్టిలో పెట్టే బతికున్న పగడాలు గుట్టుగా తెప్పిస్తాడట! వాటిని కాపాడే 1972 నాటి వన్యప్రాణి చట్టం ఏమైనట్టు?

ఇవన్నీ దాటితే కరెంటు కోత. పంపు ఆగుతుంది, నీళ్లు వేడెక్కుతాయి. విసనకర్రతో విసురుతుంటే మావయ్య వచ్చి అడుగుతాడు కదా, "ఇవి పులుసుకు బాగుంటాయా?"