పదకొండు సైటేషన్ల పేపర్

మొన్న ప్రమోషన్ ఇంటర్వ్యూలో మందుల గురించి ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. పద్నాలుగేళ్లుగా ఫార్మకాలజీలో, అంటే మందుల శాస్త్రంలో, పనిచేస్తున్న మనిషిని. అడిగినవి మూడే: పరిశోధన పేపర్లు ఎన్ని, సైటేషన్లు (వాటిని ఇతరులు తమ పేపర్లలో ఉదహరించిన సార్లు) ఎన్ని, హెచ్-ఇండెక్స్ ఎంత. చెప్పాను. కమిటీలో ఒకాయన రాసుకుని "ఇంకొంచెం పెరగాలండీ" అన్నారు, పిల్లాడి బరువు చూసి చెప్పినట్టు. అప్పట్నుంచి కడుపులో ఉడుకుతున్నది ఇక్కడ కక్కేస్తున్నా, కాస్త ఓపిక పట్టండి.

హెచ్-ఇండెక్స్ అంటే తెలియనివాళ్లకి: 2005లో హోర్హె హిర్ష్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ తెచ్చిన లెక్క. మీరు రాసినవాటిలో 20 పేపర్లను, ఒక్కోదాన్ని కనీసం 20 సార్లు, ఇతరులు తమ పేపర్లలో ఉదహరించి ఉంటే మీ ఇండెక్స్ 20. జీవితంలో ఒకే పేపర్ రాసి దానికి లక్షల సైటేషన్లు వచ్చినా ఇండెక్స్ 1 దాటదు.

లక్షలని ఊరికే అనలేదు. సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో ఫార్మకాలజీ విభాగాధిపతిగా ఉన్న ఆలివర్ లౌరీ, 1951లో తన బృందంతో కలిసి ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి మీద ఒక పేపర్ వేశారు. దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లున్నాయి. సైన్స్ మొత్తంలో అంతగా ఉదహరించిన పేపర్ ఇంకోటి లేదు. అదేమంత గొప్ప పేపర్ కాదని ఆయనే ఒప్పుకున్నాడు. కొలబద్ద వాడినవాళ్లంతా కొలబద్ద పేరు రాశారు, అంతే కదా.

అయినా నా మంట లౌరీ మీద కాదు. ఆయన పద్ధతి కనీసం పనిచేసేది.

1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న ఉత్తరం వచ్చింది. మొత్తం ఐదు వాక్యాలు. ఆసుపత్రిలో చేరి, నార్కోటిక్ మందులు (నల్లమందు జాతి నొప్పి మందులు) తీసుకున్న 11,882 మందిలో కొత్తగా వ్యసనం పట్టుకున్నట్టు తేలింది నలుగురికేనని అందులో ఉంది. గమనించండి, ఆసుపత్రిలో చేరినవాళ్లు. మంచం పక్కనే సిబ్బంది ఉంటారు, మందు వాళ్ల చేతి నుంచే వస్తుంది. అదే మాత్ర ఇంటికి తీసుకెళ్లి నెలల తరబడి మింగితే ఏమవుతుందన్నదాని మీద ఒక్క ముక్క లేదు.

2017లో అదే జర్నల్‌లో కొందరు కూర్చుని ఈ ఉత్తరాన్ని ఎవరెవరు ఎలా వాడుకున్నారో లెక్క తీశారు. 608 సైటేషన్లు. వాటిలో 439, ఓపియాయిడ్లతో (అంటే ఆ నల్లమందు జాతి మందులతో) వ్యసనం అరుదు అనడానికి దీన్నే సాక్ష్యంగా చూపించాయి. ఆ రోగులు ఆసుపత్రిలో ఉన్నవాళ్లని 491 చోట్ల కనీసం చెప్పలేదు. ఉత్తర అమెరికాలో ఓపియాయిడ్లు ఎన్ని కుటుంబాలను ముంచాయో తెలిసిందే, ఆ ముంపుకి ఈ సైటేషన్లు కూడా దారి తీశాయని ఆ లెక్క తీసినవాళ్లే రాశారు. ఇప్పుడు ఆ ఉత్తరం పేజీ మీద సంపాదకుల హెచ్చరిక కనిపిస్తుంది.

మా కమిటీ ముందు పెడితే మాత్రం 608 అంటే 608. శభాష్ అనేవాళ్లు.

ఇదంతా ఎలా జరుగుతుందంటే, ఒకరి పేపర్ చివరి పేజీలోంచి ఇంకొకరు రిఫరెన్స్ ఎత్తుకుని పెట్టుకుంటారు. అసలుది తెరిచేదెవరు? నేనూ చేశాను, డెడ్‌లైన్ టెన్షన్‌లో, ఒకసారి కాదు. అందుకే నీతులు చెప్పే మొహం నాకు పెద్దగా లేదు.

ఇటువైపు చూస్తే చైనా శాస్త్రవేత్త తు యూయూ ఉన్నారు. మలేరియా మందు ఆర్టెమిసినిన్ గురించి 1977లో తొలి పేపర్ అచ్చయినప్పుడు దాని మీద వ్యక్తుల పేర్లే లేవు, పరిశోధన బృందం అని మాత్రమే ఉంది. ఆవిడకు పీహెచ్‌డీ కూడా లేదు. 2015లో నోబెల్ వచ్చింది. మా ఫారంలో ఆవిడను ఏ గడిలో ఇరికిస్తారో నాకైతే అర్థం కాదు.

"అంకెలు తీసేస్తే సిఫార్సులే మిగులుతాయి" అని మా సీనియర్ మేడమ్ అంటారు. ఆ మాటలో నిజం ఉంది, ఆవిడ అలాంటి రోజులు చూసినవారు. కానీ ఒక్కో అభ్యర్థివి మూడేసి పేపర్లు తెరిచి చదవడానికి ఒక మధ్యాహ్నం చాలు. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో (ఆ పత్రికలోని పేపర్లకు సగటున వచ్చే సైటేషన్ల లెక్కతో) మనుషుల్ని తూచొద్దని 2012లోనే శాన్ ఫ్రాన్సిస్కోలో పరిశోధకులు, సంపాదకులు కలిసి ఒక ప్రకటన రాసుకున్నారు. సంతకాలు చేసిన సంస్థలకు లెక్కలేదు. చదివే కమిటీలే కనపడవు.

ఇక నా సంగతి. నా పేపర్లలో అన్నిటికంటే ఎక్కువ సైటేషన్లు వచ్చింది ఒక రివ్యూకి. దానికోసం ఒక్క ప్రయోగం చేయలేదు, పక్కవాళ్ల ఫలితాలు వరుసగా పేర్చానంతే. మూడేళ్లు ల్యాబ్‌లో నిద్ర మానుకుని, ఒక మందు లివర్ ఎంజైమ్‌ని ఎలా అడ్డుకుంటుందో చూసిన పేపర్‌కి వచ్చినవి పదకొండు.

నిన్న రాత్రి ఆ పదకొండూ తెరిచి చదివాను. తొమ్మిదింటిలో మా పేరు ఒక గుంపు రిఫరెన్సుల మధ్య నలిగిపోయి ఉంది. ఒకటి మేం అననిది అన్నామని రాసింది. చివరిదాన్ని రాసినవాళ్లు మాత్రం మా ప్రయోగాన్ని మళ్లీ చేసి చూశారు. మేం కణాల మీద వాడిన గాఢత, మామూలు మోతాదు వేసుకున్న మనిషి రక్తంలో ఎప్పటికీ చేరనంత ఎక్కువని, కాబట్టి మా ఫలితాన్ని రోగులకు వర్తింపజేయలేమని ఓపిగ్గా, మర్యాదగా రుజువు చేశారు. రెండుసార్లు చదివాను. వాళ్లదే కరెక్ట్.

ఫారంలో దాన్ని కూడా కలిపి పదకొండనే రాశాను.