హెడ్‌సెట్‌లో బస్సెక్కిన పిల్లాడు రోడ్డు మీద ఎందుకు ఎక్కడు?

ఆర్టీసీ బస్సును పది నిమిషాలు ఆపి ఉంచమని ఎవరినీ అడగలేం. హారన్ మెల్లగా కొట్టమనీ, కండక్టర్‌ని ఇవాళ కాస్త దూరంగా నిలబడమనీ చెప్పలేం. ఆటిజం ఉన్న పిల్లలకు బస్సు ప్రయాణం అలవాటు చేయడంలో అసలు చిక్కు ఇదే. ఒకసారి బెదిరి గుక్కపెట్టి ఏడిస్తే ఆ తర్వాత ఆరు నెలలు బస్టాపు దరిదాపులకు కూడా రారు. కటింగ్ షాపు, పళ్ల డాక్టరు కుర్చీ, పెళ్లి మంటపంలో బాజాలు, బడిలో మధ్యాహ్న భోజనం లైను... అన్నీ ఇలాంటివే. వర్చువల్ రియాలిటీ (వీఆర్)లో, అంటే కళ్లకు కట్టే హెడ్‌సెట్‌లోనో చుట్టూ ఉన్న తెరల మీదో చూపే దృశ్యంలో మాత్రం బస్సును ఆపొచ్చు, శబ్దం తగ్గించొచ్చు, అదే దృశ్యాన్ని ఇరవైసార్లు తిప్పి చూపొచ్చు. వీఆర్‌కు ఉన్న నిజమైన బలం ఇది. దీన్ని కాదనే పని లేదు.

పేచీ వచ్చేదల్లా ఆ హెడ్‌సెట్‌ను మూడు, నాలుగేళ్ల పిల్లలకు తగిలించి, ‘సోషల్ స్కిల్స్ నేర్పుతాం’ అని ప్యాకేజీలు అమ్మినప్పుడు. ఆ మాటకు ఆధారంగా చూపే పరిశోధనలను దగ్గరగా చదివితే వేరే కథ కనిపిస్తుంది.

ఆటిజం పిల్లలపై వీఆర్ ప్రయోగాల్లో తొలిదిగా చెప్పుకునేది 1996 నాటిది. డొరొతీ స్ట్రిక్‌లాండ్ బృందం అమెరికాలో ఇద్దరంటే ఇద్దరు పిల్లలకు బరువైన హెల్మెట్ పెట్టి, కంప్యూటర్ గీసిన వీధిలో కారును గుర్తుపట్టడం, దాని రంగు చెప్పడం నేర్పింది. అసలు ఈ పిల్లలు హెల్మెట్ పెట్టనిస్తారా అన్నదే అప్పటి పెద్ద ప్రశ్న. పెట్టనిచ్చారు. ఆ తర్వాత ఎక్కువగా ఉదహరించే అధ్యయనాలు మూడున్నాయి. డాలస్‌లోని టెక్సాస్ విశ్వవిద్యాలయం వారిది 2016లో వచ్చింది. 7 నుంచి 16 ఏళ్ల పిల్లలు 30 మంది, ఐదు వారాల్లో గంట చొప్పున 10 సెషన్లు. పిల్లలు మామూలు కంప్యూటర్ ముందు కూర్చుని తమ బొమ్మ పాత్రను నడిపిస్తూ, తెర వెనక ఉన్న నిపుణులు నడిపే పాత్రలతో మాట్లాడారు. హాంకాంగ్‌లో 2018 నాటి అధ్యయనంలో బడి పిల్లలు 14 వారాల్లో 28 సెషన్లు చేశారు. అక్కడ వాడింది గోడలే తెరలుగా మారే గది. మూడోది ఇంగ్లండ్‌లోని న్యూకాజిల్ విశ్వవిద్యాలయం వారిది, అందులో వాడిన ‘బ్లూ రూమ్’ కూడా అలాంటి గదే.

మూడింటిలో ఒక్కచోటా పిల్లల మొహానికి హెడ్‌సెట్ కట్టలేదు. ఏ ఒక్కదానిలోనూ ఆరేళ్ల లోపు పిల్లలు లేరు. పాల్గొన్నవాళ్లు చాలావరకు మాటలు వచ్చి, చెప్పింది అర్థం చేసుకోగలవాళ్లు. ఇంకా మాటలు రాని నాలుగేళ్ల పిల్లకు ఈ ఫలితాలను వర్తింపజేయడమంటే పదో తరగతి పాఠం పనికొచ్చింది కదా అని అంగన్‌వాడీలో చెప్పడమే.

న్యూకాజిల్ పని దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే పద్ధతి తెలిసేది అక్కడే. 2014లో వెలువడిన ఆ అధ్యయనంలో 7 నుంచి 13 ఏళ్ల మగపిల్లలు 9 మంది. ఒక్కొక్కరికి ఒక్కో భయం. సెషన్లు నాలుగే, ఒక్కోటి 20 నుంచి 30 నిమిషాలు. 8 మంది భయపడే పరిస్థితిని ఎదుర్కోగలిగారు, వారిలో నలుగురికి భయం పూర్తిగా పోయింది. ఇంత తక్కువ సెషన్లతో అది ఎలా సాధ్యమైంది? గదిలోకి వెళ్లకముందే ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం, ఒళ్లు వదులు చేసుకోవడం నేర్పారు. గదిలో థెరపిస్టు పిల్లాడి పక్కనే ఉండి, అతని మొహం చూస్తూ, భయం తగ్గాకే తర్వాతి మెట్టుకు తీసుకెళ్లారు. గది పని అయ్యాక నిజమైన చోట ఎలా సాధన చేయించాలో తల్లిదండ్రులకు చెప్పి పంపారు. ప్రకటనల్లో మిగిలింది గది ఒక్కటే, ముందూ వెనకా చేసిన పని ఎగిరిపోయింది.

ఇక హెడ్‌సెట్ సంగతి. పెద్దవాళ్ల కంటిపాపల మధ్య దూరం సగటున 63 మిల్లీమీటర్లు, ఐదేళ్ల పిల్లలకు 50 చిల్లర. మార్కెట్‌లో బాగా అమ్ముడైన మెటా కంపెనీ హెడ్‌సెట్ క్వెస్ట్ 2లో లెన్సుల దూరం 58, 63, 68 అనే మూడు మెట్లలోనే మారుతుంది. అంటే ఐదేళ్ల పిల్ల ఎంత సర్దుకున్నా లెన్సు మధ్యలోంచి చూడలేదు. బొమ్మ అలుక్కుపోతుంది, కళ్లు లాగుతాయి, తల తిరుగుతుంది. దానికి తోడు తెర మీది వస్తువు దగ్గరగా వస్తున్నట్టు అనిపిస్తే రెండు కళ్లూ లోపలికి తిరుగుతాయి గానీ, ఫోకస్ మాత్రం ఎప్పుడూ ఒకే దూరంలో ఉండాలి. పెద్దవాళ్లకే ఇది తలనొప్పి తెస్తుంది. పెద్దవాళ్లయితే తలనొప్పి అని చెప్పగలరు, మాటలు రాని పిల్ల చెప్పలేదు. హెడ్‌సెట్ లాగి పారేస్తుంది. సెంటర్ రికార్డులో అది ‘సహకరించలేదు’ అని పడుతుంది. దాదాపు 500 గ్రాముల బరువు ముందుకు లాగడం, తల మీద పట్టీ బిగుతు, ముఖానికి తగిలే స్పాంజి కూడా స్పర్శ పడని పిల్లలకు నరకమే. (తలకు నూనె రాసుకొచ్చే పిల్లలున్న చోట ఆ స్పాంజి, లెన్సులు వారంలో ఏమవుతాయో కంపెనీలు ఊహించినట్టు లేదు.) మెటా కనీస వయసును 2023లో 13 నుంచి 10కి తగ్గించింది, యాపిల్ 13 అంటోంది. ఆటిజం ఉన్న పిల్లల్లో మూర్ఛ మిగతావారికన్నా ఎక్కువ కాబట్టి ఫిట్స్ చరిత్ర ఉంటే న్యూరాలజిస్టును అడగకుండా వెలుగులు మినుకుమనే దృశ్యాలు చూపకూడదు.

అన్నిటికంటే పెద్ద నష్టం ఇంకొకటి. హెడ్‌సెట్ పెడితే పిల్లాడి కళ్లు మనకు కనిపించవు. ఈ పిల్లలతో పనిచేసేవాళ్లు సగం సమాచారం రాబట్టేది కళ్ల నుంచీ కనుబొమల నుంచే. అందుకే అమెరికాలో ఫ్లోరియో అనే కంపెనీ పిల్లలు చూసేది పక్కనున్న పెద్దవాళ్ల ఐప్యాడ్‌లో కూడా కనిపించేలా చేసింది. దానికి 2023లో అక్కడ మందులకు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఇచ్చిన ‘బ్రేక్‌త్రూ’ హోదాను కొందరు ఆమోదంగా చెబుతున్నారు. పరిశీలన ప్రక్రియను త్వరపరచడానికి ఇచ్చే హోదా అది, ఆమోదం వేరు.

ఆరేళ్లు దాటి, మాట అర్థమయ్యే పిల్లలకు పెద్ద తెర మీద 360 డిగ్రీల వీడియో (చుట్టూ అన్ని వైపులా కనిపించేలా తీసింది) చూపడం మన పరిస్థితుల్లో పనికొచ్చే మార్గం. హెడ్‌సెట్ లేకుండానే మొదలుపెట్టొచ్చు: ట్యాబ్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పితే దృశ్యమూ తిరుగుతుంది. వీడియో సొంతంగా తీసుకోవడమే మంచిది. ఇక్కడ జరిగే పొరపాట్లు దాదాపు అందరివీ ఒకటే. కెమెరాను తీసేవాళ్ల కంటి ఎత్తులో పెడతారు. దాంతో పిల్లాడు ఐదున్నర అడుగుల మనిషిలా లోకాన్ని చూస్తాడు, తీరా నిజం బస్సులో ఎదురయ్యేవి మోకాళ్లూ సంచులూ. ఆరేళ్ల పిల్లాడి కంటి ఎత్తు సుమారు 105 సెంటీమీటర్లు, స్టాండును అక్కడే బిగించాలి. కెమెరా కదలకూడదు, కదిలితే కడుపులో తిప్పుతుంది. కెమెరాకు మరీ దగ్గరగా వచ్చినవాళ్లు రెండు లెన్సుల అతుకు దగ్గర ముక్కలై కనిపిస్తారు, పిల్లలు ఆ విరిగిన చెయ్యినే చూస్తూ కూర్చుంటారు.

ఇంకో లెక్క. 5.7కె కెమెరా అన్నా, బొమ్మ వెడల్పులో ఉండే ఆ 5,760 చుక్కలూ (పిక్సెళ్లు) చుట్టూ 360 డిగ్రీలకు పంచుకోవాలి. డిగ్రీకి 16 చుక్కలు. రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి ముఖం సుమారు నాలుగు డిగ్రీలే. అంటే మొహం మొత్తం సుమారు 65 చుక్కల వెడల్పులో ఇరుక్కుంటుంది. అందులో చిరునవ్వో విసుగో తేల్చుకోవడం మనకే కష్టం. కాబట్టి ఇలాంటి వీడియోతో ‘హావభావాలు గుర్తించడం’ నేర్పుతామంటే నమ్మకండి. చోటు ఎలా ఉంటుంది, ఏ చప్పుడు తర్వాత ఏది వస్తుంది, ఎక్కడ నిలబడాలి... ఇవి నేర్పడానికి మాత్రం బాగుంటుంది.

ఒక్కో క్లిప్ నిమిషం, నిమిషంన్నర చాలు. బస్సు విషయంలో నాలుగు ముక్కలు: స్టాపులో నిలబడటం, బస్సు వచ్చి ఆగడం, మెట్లెక్కి సీటు దొరకబుచ్చుకోవడం, కండక్టర్ రావడం. తెలంగాణలో అమ్మతో వెళ్లే పిల్లాడికి నాలుగో ముక్కలో ఇంకో వివరం చూపాలి: అమ్మ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చూపించి, తన వరకు డబ్బు ఇవ్వకుండానే జీరో టికెట్ తీసుకుంటుంది. నాన్నతో వెళ్తే డబ్బులిస్తాడు. ఇలాంటి చిన్న తేడా ముందే తెలియకపోతే నియమాలను గట్టిగా పట్టుకునే పిల్లలు అక్కడే గొడవపడతారు. మొదటి రోజు శబ్దం పూర్తిగా తీసేసి చూపి, రోజుకు కొంచెం చొప్పున పెంచాలి. మొత్తం సెషన్ పది నిమిషాలు దాటనక్కర్లేదు. ‘చాలు’ అని రాసిన కార్డు పిల్లాడి చేతికందేలా ఉండాలి. అది ఎత్తిన క్షణమే వీడియో ఆగాలి. ఒక్కసారి ‘ఇంకొంచెం నాన్నా’ అని సాగదీసినా ఆ కార్డుకు విలువ పోతుంది.

తర్వాతి తప్పు సూక్ష్మమైనది, ఫలితం రాని చోట్ల తరచూ అదే కారణం. ఒకే వీడియోను ఇరవైసార్లు చూసిన పిల్లాడు బస్సును నేర్చుకోడు, ఆ వీడియోను నేర్చుకుంటాడు. అందులో కండక్టర్‌ది గళ్ల చొక్కా, బస్సు ‘పల్లె వెలుగు’, ఎడమవైపు రెండో సీటు ఖాళీ. బయట సిటీ బస్సు వచ్చి, లేడీ కండక్టర్ దిగి, సీటు లేకపోతే అది అతని లెక్కలో బస్సే కాదు. అందుకని ఒకే ఘట్టానికి కనీసం మూడు నాలుగు రకాల క్లిప్పులు తీయాలి, ఒకదానిలో సీటు దొరకకూడదు కూడా. వీడియో మొదలైన మొదటి వారంలోనే బయటి మెట్లు పడాలి: ఆగి ఉన్న బస్సును దూరం నుంచి చూడటం, ఖాళీ బస్సు ఎక్కి దిగడం, రద్దీ లేని మధ్యాహ్నం ఒక స్టాపు, తర్వాత రెండు. రెండు వారాలు తెర మీద సాఫీగా సాగుతూ బయట ఒక్క మెట్టూ కదలకపోతే లోపం పిల్లాడిలో వెతకొద్దు, మెట్టు ఎత్తు ఎక్కువైంది. దాన్ని రెండుగా విడగొట్టాలి.

‘సామాజిక నైపుణ్యం’ అన్న మాట గురించి కూడా కొంచెం తగువు ఉంది. దిగుమతి ప్రోగ్రాముల్లో పిల్లాడు ఎదుటివాళ్ల కళ్లలోకి చూసి ‘హాయ్’ అంటే పాయింటు. మన ఇళ్లలో పెద్దవాళ్లు మందలిస్తుంటే కళ్లలోకి గుచ్చి చూసే పిల్లాణ్ని పొగరంటారు. ‘అన్నం తిన్నావా?’ అన్న పలకరింపుకు ఉదయం నుంచి తిన్నవన్నీ వరసగా చెప్పే పిల్లాడికి కావలసిన పాఠం వేరు. ఎవరిని అత్త అనాలి, ఎవరిని ఆంటీ అనాలి, ఎక్కడ ‘నువ్వు’, ఎక్కడ ‘మీరు’ అన్న చిక్కుముడి అమెరికా సాఫ్ట్‌వేర్‌లో ఉండదు. అక్కడ పెరిగే తెలుగు పిల్లలు ఆ ప్రోగ్రాముల్లో నెగ్గి, వీడియో కాల్‌లో నానమ్మ పలకరింపు దగ్గర తడబడితే ఆశ్చర్యం లేదు. అసలు సర్దుకోవాల్సింది ఒక్క పిల్లాడేనా అన్న ప్రశ్నా ఉంది. స్వయంగా ఆటిజం ఉన్న బ్రిటన్ పరిశోధకుడు డామియన్ మిల్టన్ 2012లోనే వాదించాడు: అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంటుందని. వీఆర్‌లో పిల్లాడికి బస్సు చూపే డబ్బులో కొంత, బస్సులో అరిచే పిల్లాడు ఎలా ఉంటాడో కండక్టర్లకు, క్లాసులోని మిగతా పిల్లలకు చూపడానికి పెడితే తప్పేముంది?

మరి మూడు, నాలుగేళ్ల వాళ్లకు? దీనికి మన గడ్డ మీది సాక్ష్యమే ఉంది. గోవాలోనూ పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో జరిగిన ‘పాస్’ ప్రయోగం ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చాయి. పిల్లల వయసు 2 నుంచి 9. ఆరు నెలల్లో 12 సెషన్లు. చేసింది స్పెషలిస్టులు కారు, శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు. వాళ్లు పిల్లలకు నేరుగా ఏమీ నేర్పలేదు. తల్లీబిడ్డల ఆటను వీడియో తీసి, దాన్ని తల్లికి చూపిస్తూ పిల్ల ఎప్పుడు చూపు తిప్పింది, ఎప్పుడు ఏదో అడగబోయింది, అమ్మ తొందరపడి ఎక్కడ అడ్డుపడింది అన్నది గమనించేలా చేశారు. తల్లుల స్పందన మెరుగుపడింది, పిల్లలు తమంతట తాము పలకరించడం పెరిగింది. ఇక్కడా కెమెరా ఉంది. అది పిల్ల ముఖానికి కాకుండా తల్లి ఎదుట ఉంది.

జిల్లా ఆస్పత్రుల్లోని డీఈఐసీల్లో (పిల్లల ఎదుగుదల లోపాలను తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రాలు), మండలాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రాల్లో పరికరాల కొనుగోలు ఫైలు కదిలినప్పుడు ముందుగా హెడ్‌సెట్‌లే గుర్తుకురావడం సహజం. ఫొటోకు బాగుంటాయి, ప్రారంభోత్సవానికి రిబ్బన్ కట్టొచ్చు. ఒక భవిత కేంద్రానికి నిజంగా కావలసింది స్టాండుతో ఒక 360 కెమెరా, ఒక ట్యాబ్, ఐఈఆర్పీ (ఆ పిల్లలకు పాఠాలు చెప్పే రిసోర్స్ పర్సన్) వారానికి ఒక పూట పిల్లాడితో బస్టాపుకు వెళ్లిరావడానికి డ్యూటీ కింద లెక్కగట్టే అనుమతి. మొదటి రెండూ టెండరుతో వస్తాయి. మూడోది ఏ టెండరుతోనూ రాదు.