ఉల్లిగడ్డ నాలుగు గళ్లే కదా!

మా బాపుకు కంటి ఆపరేషన్ అయింది. కొన్నాళ్లు కళ్లకు శ్రమ పెట్టొద్దు, నల్లద్దాలు తియ్యొద్దు అన్నాడు డాక్టర్. టీవీ లేకున్నా ఆయనకు నడుస్తుంది గానీ ఆదివారం పేపర్లో వచ్చే గళ్ల పజిల్ నింపకపోతే అన్నం సయించదు. అందుకని ‘నువ్వు సదువు, నేను చెప్త, చెప్పింది రాయి’ అని నాతో ఒప్పందం చేసుకున్నాడు. ఒప్పందంలో నా బుర్ర వాడమని ఎక్కడా లేదు. కానీ ఆ ఆదివారం ఆయన లేవకముందే పేపర్ వచ్చింది, నా చేతిలో చాయ్ ఉంది, జేబులో బాల్‌పెన్ ఉంది, డిగ్రీ దాకా తెలుగు మీడియమే అన్న పొగరు కూడా ఉంది. ఆయన లేచేసరికి మొత్తం నింపేసి ముందు పెడదామనుకున్నాను. (ఆయన పెన్సిల్‌తో నింపుతాడు. ఎందుకో అప్పటిదాకా నేనెప్పుడూ ఆలోచించలేదు.)

అడ్డం 1: తిరగబడ్డ రాజు (2).

తిరగబడటం అంటే మనకు సర్వాయి పాపన్నే గుర్తొస్తాడు, 1708లో ఓరుగల్లు మీదికే దండెత్తిన మనిషి. పాపన్న అంటే మూడు గళ్లు. ‘పాప’ అని రాస్తే సరిపోతుంది గానీ అంతటి వీరుణ్ని అలా చేయడానికి చేతులు రాలేదు. కాకతీయులందర్నీ తలుచుకున్నాను, ఏదీ తేలలేదు. తర్వాత తెలిసింది, జవాబు ‘జురా’ అట! రాజును తిప్పి రాస్తే జురా. దీనికి చరిత్ర ఎందుకు, చిన్నప్పుడు బడిలో ఆడుకున్న ఆటే కదా ఇది.

అడ్డం 3: వేయిస్తంభాల గుడి ఇక్కడే (5). ఇది మాత్రం నన్ను అడగాల్సిన ప్రశ్న. 1163లో రుద్రదేవుడు కట్టించిన ఆ గుడి చుట్టే ఆడుకుంటూ పెరిగినవాణ్ని. కళ్లు మూసుకుని రాశాను: హ, న్మ, కొం, డ. తెరిచి చూస్తే ఒక గడి ఖాళీగా మిగిలింది. చిన్నప్పటి నుంచి దుకాణాల బోర్డుల మీద, బస్సుల మీద చదివిన పేరు, నా సొంత ఊరు, ఒక గడి తక్కువ! కాసేపు ఆలోచించి, ‘ఇక్కడే’ అన్నాడు కదా అని చివర ‘లో’ పెట్టాను. హన్మకొండలో. ఐదు. 2021లో జిల్లాకు హనుమకొండ అని పేరు పెట్టినప్పుడు నేను ఈ ఊర్లోనే ఉన్నాను, నా ఆధార్ కార్డు కూడా ఇక్కడిదే, అయినా ఆ ‘ను’ గుర్తురాలేదు.

అసలు ఈ ఆటను 1913 డిసెంబర్ 21న న్యూయార్క్ పేపర్లో మొదలుపెట్టిన ఆర్థర్ విన్‌కు ఇంత బాధ లేదు. ఇంగ్లిష్‌లో గడికొక అక్షరం, ఇరవయ్యారే అక్షరాలు. మనకు గుణింతం, వత్తు, సున్న అన్నీ ఒకే గడిలో ఇరుక్కోవాలి. ‘స్త్రీ’ ఒక్క గడే. ‘వరంగల్’ చివరి పొల్లుకు మాత్రం ప్రత్యేకంగా ఒక గడి. ఇది ఏ న్యాయమో నాకిప్పటికీ అర్థం కాదు.

ఇక నా గర్వమంతా అడ్డం 7 దగ్గర మొదలైంది. కోస్తే ఏడిపిస్తుంది (4). ఉ, ల్లి, గ, డ్డ. ఠక్కున సరిపోయింది. ఆ ‘గ’ నుంచి కిందికి: పండగపూట నోరు తీపి చేసేది (3). గరిజె! ఆ ‘డ్డ’తో ముగిసేలా పై నుంచి కిందికి: పప్పులో వేస్తారు (4). ఆలుగడ్డ. మా ఇంట్లో పప్పులో ఆలుగడ్డ ఎవరూ వేయరు, అయినా ఇంకో జిల్లాలో వేస్తారేమో, మనకెందుకు, వాళ్ల పప్పు వాళ్ల ఇష్టం అని రాసేశాను. ఒకదానికొకటి ఎంత చక్కగా అతుక్కున్నాయంటే, ఇవి తప్పయ్యే అవకాశమే లేదని ఇంకో చాయ్ పెట్టమన్నాను.

ఆ గరిజె చివరి గడి నుంచి అడ్డంగా: పన్నెండు నెలలు (4). మొదటి అక్షరం ‘జె’. ‘జె’తో పన్నెండు నెలలు. పావుగంట కూర్చున్నాను. చివరికి ‘జెనవరి’ అని రాశాను. నాకూ తెలుసు అది ఒక్క నెలే అని, కానీ మిగతా పదకొండు దాని వెనకాలే వస్తాయి కదా.

అప్పుడే బాపు లేచి నల్లద్దాలతో వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ‘అడ్డం ఏడు సదువు’ అన్నాడు.

‘కోస్తే ఏడిపిస్తుంది, నాలుగు.’

‘ఉల్లిపాయ.’

‘బాపూ, మనం ఉల్లిగడ్డ అంటం కదా?’

‘మనం అంటం. పేపరోడు అంటడా?’

నేను మాట్లాడలేదు. ఆయనకు కళ్లు కనబడకపోయినా నా మౌనం కనబడింది. ‘ఏం రాసినవ్‌రా? మొత్తం సదువు’ అన్నాడు. చదివాను. గరిజె పాయసమైంది, ఆలుగడ్డ దోసకాయైంది, జెనవరి సంవత్సరమైంది. ‘పప్పుల ఆలుగడ్డ ఎవడేస్తడురా?’ అన్నప్పుడు మాత్రం ఆయన గొంతులో నిజమైన బాధ వినిపించింది. బాల్‌పెన్ కొట్టివేతల మీద కొట్టివేతలు పెట్టేసరికి సరిగ్గా ‘పాయసం’ దగ్గర కాగితం చిరిగి, వెనక పేజీలోని సంబంధాల ప్రకటన బయటికి వచ్చింది.

‘పోయి ఇంకో పేపర్ తే’ అన్నాడు.

గేటు దాటుతుంటే వంటింట్లోంచి మా ఆవిడ, ‘తిరిగొచ్చేటప్పుడు పాలు!’ అని అరిచింది. సరే అన్నాను. చౌరస్తా దాకా నడిచాను, మూడు దుకాణాల్లో ఆ పేపర్ అయిపోయింది, నాలుగో దాంట్లో ఒక్కటి దొరికితే కొని, దార్లోనే నిలువు 2 మీద పడి ఇల్లు చేరాను. పేపర్ బాపు చేతికి ఇచ్చాను. మా ఆవిడ నా ఖాళీ చేతుల వైపు చూసి ‘పాలేవి?’ అంది.

బాపు పేపర్ మడత విప్పుతూ, ‘తిరిగొచ్చేటప్పుడు పాలు అన్నవు కద బిడ్డా, రెండు గళ్లు’ అన్నాడు. ‘లుపా కోసం ఊరంత తిరిగొచ్చిండు, దొరకలే.’