43,000 కిలోమీటర్ల భూమి

ఇక్కడ అమెరికాలో, డల్లాస్‌లోని మన తెలుగు సంఘం ఉగాది సంబరాల్లో పచ్చడి పంపకం, పంచాంగ శ్రవణం, కవి సమ్మేళనం ఎంత ఘనంగా జరిగాయో అందరూ చూశారు. వెనక హాల్లో, భోజనాల వరుసకు ఆనుకొని, పిల్లల సైన్సు ప్రదర్శన కూడా జరిగిందన్న సంగతి మాత్రం పులిహోర కోసం అటు వచ్చినవారికే తెలిసి ఉంటుంది. ఆ ప్రదర్శనకు ముగ్గురు న్యాయనిర్ణేతల్లో నేనొకణ్ణి. ఎప్పుడో ఫిజిక్స్ చదివానన్న ఒక్క అర్హతతో నన్ను ఏటా కూర్చోబెడుతున్నారు. ఈసారి అక్కడ జరిగినది ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. ఎవరినో వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. మార్కుల కాగితం మీద మూడో సంతకం నాదే.

మొదటి బహుమతి దీపాలు వెలిగే రోబో చేతికి దక్కింది. ఆ పెట్టె ఖరీదెంతో, దాన్ని బిగించడానికి ఆ అబ్బాయి నాన్నగారికి ఎన్ని శనివారాలు పట్టాయో మాలో చాలామందికి తెలుసు. రెండోది ఎర్ర నీళ్ళు పొంగే అగ్నిపర్వతానికి వెళ్ళింది. చివరి బల్ల దగ్గర ఆరో తరగతి పాప ఒక మీటరు కర్ర, ఒక టేపు, చేత్తో రాసిన రెండు చార్టులు పెట్టుకొని నిలబడింది. పగలూ రాత్రీ సమానమయ్యే మార్చి 20న ఆ పాప ఇక్కడ డల్లాస్‌లో ఇంటి వెనక కర్ర నీడను కొలిచింది. అదే రోజు తెనాలిలో వాళ్ళ తాతయ్య వాకిట్లో అంతే పొడవున్న కర్ర పాతి నీడ కొలిచి వాట్సాప్‌లో పంపారు. ఇక్కడ 64 సెంటీమీటర్లు, అక్కడ 31. రెండు నీడల నుంచి రెండు కోణాలు కట్టి, వాటి తేడా 15.4 డిగ్రీలని తేల్చి, రెండు ఊళ్ళ మధ్య ఉత్తర దక్షిణ దూరాన్ని అట్లాసు మీద స్కేలు పెట్టి 1,840 కిలోమీటర్లుగా కొలిచి, 15.4 డిగ్రీలకు అంత దూరమైతే మొత్తం 360 డిగ్రీలకు ఎంతో లెక్కవేసి, భూమి చుట్టుకొలత 43,000 కిలోమీటర్లని పాప పెద్ద అక్షరాలతో రాసింది. గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ రెండు వేల రెండు వందల ఏళ్ళకు పూర్వం ఈజిప్టులో చేసిన లెక్కను ఒక మనవరాలు, ఒక తాత కలిసి రెండు ఖండాల నుంచి మళ్ళీ చేశారు.

మాలో ఒకాయన అడిగారు. "మిట్టమధ్యాహ్నమంటే పన్నెండు కదమ్మా, నువ్వు ఒంటిగంటన్నర దాటాక కొలిచావేం?"

"నీడ అన్నిటికన్నా చిన్నగా ఉన్నది అప్పుడే, అంకుల్. నేను పన్నెండు నుంచి ఐదు నిమిషాలకోసారి గుర్తు పెట్టాను."

పాప చెప్పిందే నిజం. మార్చిలో గడియారాన్ని ఒక గంట ముందుకు జరుపుకుంటాం. పైగా డల్లాస్ తన కాలమండలపు (టైమ్ జోన్) నడిగీతకు పడమరగా ఉంది. సూర్యుడు ఆకాశంలో అన్నిటికన్నా ఎత్తుకు చేరేసరికి ఇక్కడ ఒకటిన్నర దాటుతుంది. అయినా కాగితం మీద రెండు మార్కులు తగ్గాయి. ఆ తర్వాత రెండోవారు, "భూమి చుట్టుకొలత 40,000 కదా, నీకు 43,000 వచ్చిందంటే ఎక్కడో తప్పు చేశావన్నమాట" అన్నారు. పాప తడుముకోకుండా చార్టు అడుగున ఉన్న చిన్న అక్షరాలు చూపించింది. తాతయ్య మూలమట్టం ఆనించి కర్రను గచ్చుకు సరిగ్గా లంబంగా నిలిపారట. లెక్క తేడాగా వచ్చాక పాపకు అనుమానం వచ్చి, వీడియో కాల్‌లో తాతయ్య చేత ఆ గచ్చు మీద చెంబెడు నీళ్ళు పోయించింది. నీళ్ళు ఉత్తరపు ప్రహరీ వైపు పారాయి. వాన నీరు నిలవకుండా గచ్చును వాలుగా వేస్తారని ఇల్లు కట్టించిన ఆయనకు తెలియక కాదు, ఆ క్షణాన గుర్తుకు రాలేదు. మీటరుకు రెండు సెంటీమీటర్ల లోపు వాలు ఉన్నా కర్ర ఉత్తరానికి దాదాపు ఒక డిగ్రీ ఒరిగి నీడ సాగుతుంది. ఆ ఒక్క డిగ్రీ సవరిస్తే చుట్టుకొలత 40,400 దగ్గరికి దిగుతుంది. మరి అదే పెద్ద అక్షరాలతో రాయొచ్చుగా అని అడిగితే, "మేము కొలిచింది అది కాదు కదా" అంది.

మా మార్కుల కాగితంలో నాలుగు గడులున్నాయి: అలంకరణ, పనిచేసే నమూనా, మాట్లాడే తీరు, సరైన ఫలితం. కర్ర వెలగదు, తిరగదు. ఫలితం "సరైనది" కాదు. పాపకు ప్రోత్సాహక బహుమతి కూడా రాలేదు. అంతా తెలిసిన నేను నోరు విప్పలేదు. భోజనాలకు ఆలస్యమవుతోందని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను.

నా మౌనానికి అసలు కారణం ఇంకా పాతది. ఇంటర్‌మీడియట్‌లో మా లెక్చరర్ రికార్డుల కట్ట బల్ల మీద పెట్టి, "గురుత్వ త్వరణం జీ విలువ 980 రావాలి" అనేవారు. దాన్ని కొలిచే లఘులోలకం, అంటే దారానికి కట్టిన గుండు, ఊగుతూనే ఉండేది, స్టాప్‌వాచీ ఒకటే ఉండేది, దాని చుట్టూ ఇరవై మందిమి. ఊగినవి లెక్కపెట్టే ఓపిక ఎవరికి? ఎల్ బై టీ స్క్వేర్, అంటే దారం పొడవును ఒక డోలనానికి పట్టే కాలం వర్గంతో భాగిస్తే, 24.8 రావాలని సీనియర్లు చెప్పి ఉంచారు. అక్కడి నుంచి వెనక్కి లెక్కవేసి, మీటరు పొడవుకు ఇరవై డోలనాలకు 40.1 సెకన్లని పట్టికలో నింపేవాళ్ళం. అనుమానం రాకుండా ఒక చోట 40.3 వేసేవాళ్ళం. ప్రాక్టికల్స్‌లో నాకు ముప్పైకి ముప్పై వచ్చాయి. ఆ మార్కుల మీదే ఇంత దూరం వచ్చాను కనుక ఆ చదువును తిట్టిపోయడం కృతఘ్నత అవుతుంది. కానీ 43,000 అని రాసిన పాపను చూసి తల దించుకున్నవాడు ఆ 40.3 వేసిన కుర్రవాడే.

అంతకుముందు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇంకొక రోజు ఉంది. ప్రయోగశాల అంటే తాళం వేసిన ఒక బీరువా. తాళంచెవి హెడ్మాస్టారి దగ్గర. మా సైన్సు మాస్టారు ఒకనాడు నలభై మందికీ చెక్క స్కేళ్ళు ఇచ్చి వరండా పొడవు కొలవమన్నారు. నలభై మందిమీ దాదాపు నలభై జవాబులు తెచ్చాం. ఆయన ఒక్కదాన్నీ కొట్టేయకుండా అన్నీ బోర్డు మీద రాశారు, సుద్దముక్క అరిగేదాకా. "ఇప్పుడు చెప్పండ్రా, వరండా ఎంత పొడవు?" అన్నారు. గొడవ పడ్డాం, మధ్యలో ఎక్కువమంది ఎక్కడ పోగయ్యారో చూశాం, ఒకడు స్కేలును సున్నా దగ్గర కాకుండా చెక్క అంచు నుంచి పెట్టాడని కనిపెట్టాం. సిలబస్ ఎక్కడిదాకా వచ్చిందని హెడ్మాస్టారు గుమ్మంలో నిలబడి అడిగారు. మర్నాడు పాఠం చదివించారు, ప్రశ్నలూ జవాబులూ రాయించారు. ఆ వరండా పాఠం మళ్ళీ జరగలేదు.

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో 1972లో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో ఇలాంటి పాఠాన్నే పద్ధతిగా మొదలుపెట్టారు. పిల్లలు చేతులతో చేసి చూడాలి, తరగతి మొత్తం కొలతల్ని కలిపి చూడాలి, పరీక్షలో పుస్తకం తెరుచుకోవచ్చు. అది వందల బడులకు పాకింది, 2002లో ప్రభుత్వం ఆపేసింది. మన వైపు చూస్తే, 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ కుప్పం దగ్గర ఆవరణ కట్టుకొని, ప్రయోగాల సామాను వ్యాన్లకెక్కించి పల్లె బడులకు తీసుకువెళుతోంది. సైన్సు ప్రచారం చేసే జన విజ్ఞాన వేదిక వారి పిల్లల సైన్సు పత్రిక చెకుముకి చదివి పెరిగినవారు మన సంఘంలోనే కొందరున్నారు. కనుక దారి తెలియక మనం ఆగిపోలేదు.

కాలేజీ చదువుల్లోనూ రోగం ఇదేనని ఇక్కడివాళ్ళే ఒప్పుకున్నారు. హార్వర్డ్‌లో ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990 ప్రాంతంలో తన విద్యార్థులకు బలం, చలనం గురించి తేలిక మాటల్లో ప్రశ్నలిచ్చి చూస్తే, కఠినమైన లెక్కలు చకచకా చేసేవాళ్ళు వాటి దగ్గర తడబడ్డారు. అప్పటి నుంచి ఆయన ఉపన్యాసం తగ్గించి, ప్రశ్న వేసి, పక్కవాడితో వాదించుకోమని వదిలేశారు. 2014లో 225 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలనలో, వట్టి ఉపన్యాసం వినే తరగతుల్లో పరీక్ష తప్పేవారు చేతులూ నోరూ పనిచేసే తరగతుల్లోని వారికి ఒకటిన్నర రెట్లని తేలింది. మనం మాత్రం ఆదివారం ఉదయం పిల్లల్ని కారెక్కించి బిట్ల కోచింగుకే తీసుకువెళుతున్నాం. ఉపన్యాసానికీ స్థానం ఉంది, బట్టీకీ కొంత ఉంది. ఎక్కాలు రాకుండా పాప ఆ లెక్క కట్టగలిగేది కాదు. అయినా పిల్ల కొలిచిన సంఖ్యను మనం తెచ్చిన సంఖ్యతో కొట్టేయడం బోధన కాదు, అధికారం.

కార్యవర్గానికి నా విన్నపం ఇది. సంక్రాంతి ప్రదర్శనకు మార్కుల కాగితం మార్చండి. "సరైన ఫలితం" గడి తీసేసి, తేడా ఎందుకు వచ్చిందో చెప్పినవారికి ఆ మార్కులివ్వండి. పెట్టెలో కొన్న సామాను వేరే బల్ల మీద పెట్టించండి. ఊళ్ళో ఉన్న తాతయ్యలనూ అమ్మమ్మలనూ జట్టులో చేర్చుకునే వీలు కల్పించండి. మే మొదటి వారంలో మిట్టమధ్యాహ్నం తెనాలిలో నిటారు కర్రకు నీడే ఉండదు, కర్కట రేఖకు పైనున్న టెక్సాస్‌లో అలాంటి రోజు ఎన్నడూ రాదు, ఆ వింత ఫోనులో చూపించగలిగేది వాళ్ళే. ఊరి బడులకు ఏటా పంపే చందాలో గోడకు బిగించే తెరల పద్దు కొంచెం తగ్గించి, తరగతికి నలభై స్కేళ్ళు, పది స్టాప్‌వాచీలు కొనివ్వండి. వచ్చే ఏడు నన్ను న్యాయనిర్ణేతగా పిలవకపోయినా ఫర్వాలేదు.

పోయిన వారం ఆ పాప ఇంటికి వెళ్ళి క్షమాపణ చెప్పాను. పాప పెద్దగా పట్టించుకున్నట్టు లేదు. తాతయ్య ఈసారి తాపీమేస్త్రిని అడిగి దారానికి కట్టే గుండు తెప్పించుకున్నారట. సెప్టెంబరు 22 ప్రాంతంలో మళ్ళీ కొలుస్తారట. డల్లాస్ వైపు టేపు రెండో కొస పట్టుకోవడానికి ఒక మనిషి కావాలంది. వస్తానన్నాను.