ఆ బల్ల మీద సామ్ ఎందుకు కూర్చోలేదు

దక్షిణాఫ్రికా నాటక రచయిత అథోల్ ఫ్యుగార్డ్ రాసిన 'మాస్టర్ హెరాల్డ్... అండ్ ద బాయ్స్' నాటకం ప్రస్తావన వచ్చినప్పుడల్లా, అది ఒక కుర్రవాడి క్షణికావేశం కథ అనీ, జాతి వివక్ష అందులో నేపథ్యం మాత్రమేననీ అనేవారు తప్పకుండా కనిపిస్తారు. తండ్రి తాగుబోతు, ఇంట్లో మనశ్శాంతి లేదు, కోపంలో హద్దు దాటి, తమ దుకాణంలో పనిచేసే సామ్ ముఖాన ఉమ్మాడు, తర్వాత సిగ్గుపడ్డాడు అంటారు. ఈ వ్యాఖ్యానం నాకు మింగుడుపడదు. అలా చదివితే ఉమ్మినవాడి బాధే మిగులుతుంది, ఉమ్మి పడిన ముఖం మనకు కనిపించకుండా పోతుంది.

కథ 1950లో, దక్షిణాఫ్రికాలోని పోర్ట్ ఎలిజబెత్‌లో, వాన కురుస్తున్న ఒక మధ్యాహ్నం జరుగుతుంది. హాలీ అని అందరూ పిలిచే హెరాల్డ్ 17 ఏళ్ల తెల్లజాతి విద్యార్థి. అతని తల్లి నడిపే టీ దుకాణంలో పనిచేసే సామ్, విల్లీ నలభై దాటిన నల్లజాతి మనుషులు. ఈ ముగ్గురిలో 'మాస్టర్' ఎవరో, 'బాయ్స్' ఎవరో నాటకం పేరే చెబుతోంది. వయసు, అనుభవం, చేసిన మేలు ఏవీ ఆ పిలుపును తారుమారు చేయలేవు.

గాలిపటం సంగతే తీసుకుందాం. తాగి పడిపోయిన తండ్రిని బార్ నుంచి తీసుకురావడానికి చిన్నారి హాలీ సామ్‌ను వెంటబెట్టుకుని వెళ్లాడు. నల్లవాడు లోపలికి అడుగుపెట్టాలంటే ముందుగా ఆ పసివాడే వెళ్లి అనుమతి అడగవలసి వచ్చింది. ఆ తండ్రిని వీపున మోసుకుంటూ నడివీధిలో నడిచింది సామ్. అవమానంతో తలెత్తలేకపోయిన పిల్లవాడు ఒక్కసారైనా తల పైకెత్తి చూడాలని, చెక్కపుల్లలతో, కాగితంతో గాలిపటం చేసి ఎగరేయించాడు. హాలీ ఆ రోజును తన బాల్యంలోకెల్లా మంచి జ్ఞాపకంగా దాచుకున్నాడు. దారాన్ని బల్లకు కట్టి, తనను అక్కడ కూర్చోబెట్టి, పని ఉందని సామ్ వెళ్లిపోయాడని మాత్రమే అతనికి గుర్తు. ఆ బల్ల తెల్లవారికి మాత్రమే కేటాయించినదని, అందుకే తాను పక్కన కూర్చోలేకపోయానని సామ్ చివర్లో చెబుతాడు. ఇద్దరూ పంచుకున్న ఒకే ఒక్క సంతోషంలో ఒకరికి కూర్చునే హక్కు ఉంది, మరొకరికి నిలబడి ఉండే హక్కు కూడా లేదు. జాతి వివక్షను నేపథ్యం అనేవారు ఈ బల్లను ఎక్కడ పెడతారో నాకు అర్థం కాదు.

తండ్రిని కించపరచవద్దని సామ్ మందలించినప్పుడు హాలీ వాదనతో సరిపెట్టుకోడు. తనను ఇకమీదట 'మాస్టర్ హెరాల్డ్' అని పిలవమంటాడు. ఒక్కసారి అలా పిలిపించుకుంటే ఇంకెప్పుడూ మరో పేరుతో పిలవనని సామ్ హెచ్చరించినా వినడు. వాదనలో ఓడిపోతున్న 17 ఏళ్లవాడికి ఒక్క పిలుపుతో గెలిచే వీలు కల్పించింది అతని కోపం కాదు, ఆ దేశపు వ్యవస్థ. 1948లో నేషనల్ పార్టీ అధికారంలోకి వచ్చింది. ప్రజలను జాతులవారీగా నమోదు చేసే చట్టం, ఎవరు ఎక్కడ నివసించాలో నిర్ణయించే చట్టం 1950లోనే వచ్చాయి. హాలీ ఉమ్మినప్పుడు సామ్ చెయ్యి ఎత్తితే ఆ దెబ్బకు మూల్యం ఎవరు చెల్లించాలో ముగ్గురికీ తెలుసు. సామ్ ఆగినందుకు ఆయన సహనాన్ని పొగిడి ఊరుకోవడం నాకు ఇష్టం ఉండదు. ఆ సహనం వెనుక ఆయన గొప్పతనంతో పాటు, తిరిగి కొట్టే స్వేచ్ఛ లేని బతుకు కూడా ఉంది.

ఈ నాటకంలో దెబ్బ ఎప్పుడూ కిందికే జారుతుంది. హాలీ చిరాకుతో స్కేలు తీసి విల్లీని కొడతాడు. ఆ విల్లీయే తనతో పోటీకి నృత్యం సాధన చేసే హిల్డాను కొట్టినవాడు. ఆమె రంగస్థలం మీదికి రానే రాదు. తనకు పైనుంచి అందిన అవమానాన్ని కింది వారికి అందించకుండా ఆపింది సామ్ ఒక్కడే.

ఫ్యుగార్డ్ అసలు పేరులోనూ హెరాల్డ్ ఉంది. ఆయన తల్లి కూడా టీ దుకాణం నడిపారు. చిన్నతనంలో తాను సామ్ సెమెలా అనే మనిషి ముఖాన ఉమ్మిన సంగతిని ఆయనే రాసుకున్నారు. 1982లో అమెరికాలో మొదట ప్రదర్శించిన ఈ నాటకాన్ని దక్షిణాఫ్రికా ప్రభుత్వం తొలుత నిషేధించింది. సామ్ పాత్ర పోషించిన జేక్స్ మొకేకు అదే ఏడాది అమెరికా నాటకరంగ పురస్కారమైన టోనీ వచ్చింది. ఒప్పుకోలు ఉమ్మినవాడి వైపు నుంచే వచ్చిందన్న అసంతృప్తి నాకు ఉన్నా, ముగింపును ఆయన హాలీ చేతిలో పెట్టనందుకు గౌరవిస్తాను.

ఆ బల్ల అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది కనుక ఎప్పుడు కావాలంటే అప్పుడు లేచి రావచ్చని సామ్ చెప్పినా, హాలీ జవాబివ్వకుండా వెళ్లిపోతాడు. మిగిలిన ఇద్దరిలో విల్లీ, హిల్డాను క్షమాపణ అడుగుతానని, ఇక కొట్టనని మాట ఇస్తాడు. బస్సు ఛార్జీకి దాచుకున్న నాణేన్ని, డబ్బు వేస్తే పాట వినిపించే జ్యూక్‌బాక్సులో వేస్తాడు. వాళ్లిద్దరూ నృత్యం చేస్తారు. ఆ తర్వాత విల్లీ నడిచే ఇంటికి వెళ్లాలి.