ఈరోజు కారు ఎవరిది?

పెట్రోలు రేటు మళ్లీ పెరిగిందని తెలిసిన రోజు, మా ఆఫీసులో ఒకే దారిన వచ్చే నలుగురం కూర్చుని ఒక గొప్ప నిర్ణయం తీసుకున్నాం. రోజుకొకరి కారు, మిగతా ముగ్గురూ ఎక్కేయడమే. ఎవరి వంతు రోజు పెట్రోలు వాళ్లదే కాబట్టి డబ్బుల గొడవ కూడా లేదు. ఖర్చు నాలుగో వంతుకి దిగుతుందని కాగితం మీద లెక్క వేసి మరీ చూపించాను. కాగితం మీద అందరూ టైముకే కిందకి దిగారు మరి.

మొదటాయన ‘రెండు నిమిషాలు’ అంటే పది. అంతసేపూ ఏసీ ఆపితే ఉడుకు, ఆపకపోతే బండి నిలబడ్డచోటే పెట్రోలు తాగుతుంది. పోనీ ఇంజను ఆపేద్దామా అంటే, ఆపిన మరుక్షణమే ఆయన లిఫ్టులోంచి వచ్చేస్తాడు, ఆపకపోతే మాత్రం రాడు! రెండో ఆవిడ ఇల్లు ‘దారిలోనే’, అంటే మెయిన్ రోడ్డు నుంచి 3 కిలోమీటర్లు లోపలికి, వన్‌వే కాబట్టి తిరిగి రోడ్డెక్కడానికి ఇంకో 4. పన్నెండు కిలోమీటర్ల ఆఫీసు 19 అయింది. అయినా నాలుగు ఉదయాలకి 48 తోలేవాణ్ణి, ఇప్పుడు 19తో బయటపడుతున్నాను కదా అని సర్దుకున్నాను. మూడో ఆయనతో ఏ పేచీ లేదు, ఎక్కగానే పడుకుంటాడు. గురకొకటి.

ఇంతలో మధ్యలో ఒక బుధవారం సెలవొచ్చింది. ఆరోజు వంతు ఎవరిదో వాళ్లే గురువారం కారు తేవాలా, తర్వాతివాళ్లు తేవాలా? ఎవరికి వారే తేల్చేసుకున్నాం, ఒకరినొకరు అడగలేదు.

గురువారం బ్యాగు తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డాను. పావుగంట చూసి ‘ఎక్కడున్నారు?’ అని గ్రూపులో పెడితే, ముగ్గురి దగ్గర్నుంచీ ఒకటే జవాబు: ‘కిందే ఉన్నాం, మీరెక్కడ?’ రెండు నిమిషాలాయన కూడా ఆ ఒక్కరోజే టైముకి దిగాడట.

ఇక వాదించుకునే టైమెక్కడిది, ఎవరి తాళాలు వాళ్లు తీసుకుని పరిగెత్తాం. సిగ్నల్ దగ్గర చూద్దును కదా, ముందు ఆయన, పక్క లైనులో ఆవిడ, వెనకాల హారన్ కొడుతూ మూడో ఆయన. నాలుగు కార్లు, పదహారు ఖాళీ సీట్లు. ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

ఆఫీసులో కార్లు పక్కపక్కనే పెట్టి దిగాక, మూడో ఆయన కళ్లు నులుముకుంటూ అడిగాడు: “ఇంతకీ సాయంత్రం ఎవరి కారులో వెళ్దామండీ?”